మొక్కకు దాది: శిలీంధ్రమూలాల కథ

పోయిన వేసవి సెలవులలో మా మేనమామగారి ఊరు వెళ్ళినప్పుడు ఆయన ఒక పొడి పొట్లం నా చేతిలో పెట్టి, "అల్లుడూ, నువ్వు పిల్లలకు సైన్సు పాఠాలు చెప్పేవాడివి గదా! వేళ్ళకు పట్టే బూజట ఇది. మొక్కజొన్న చేలో చల్లితే గాలిలోని నత్రజనిని లాగి మొక్కకు పెడుతుందట. ఇక యూరియా కొననక్కరలేదట. నిజమేనా?" అని అడిగినాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. ఆ మాటలో సగం నిజం, సగం అబద్ధం కలగలిసి ఉన్నవి. సరిగ్గా అదే పొరపాటు అంతకు నెల ముందు నేను దిద్దిన పరీక్షపత్రాలలో ఎన్నోసార్లు కనిపించినది. "శిలీంధ్రమూలాలు గాలిలోని నత్రజనిని స్థాపించును" అని విద్యార్థులు వ్రాసినారు. వారిని తప్పుపట్టే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పేరుమోసిన శాస్త్రజ్ఞులు కూడ ఒకప్పుడు ఈ పొరపాటులో పడినవారే. దానినుంచి బయటపడి, శిలీంధ్రం వేరుకు నిజంగా చేస్తున్న మేలు ఏమిటో తేల్చడానికి నూరేళ్ళు పట్టినది. ఆ కథ తెలిస్తే మా మామయ్య ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

నడి సముద్రంలో దాహం

మన చుట్టూ ఉన్న గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. అయినా ఆ గాలిలో నిలబడి ఉన్న మొక్క నత్రజని చాలక పసుపెక్కుతుంది. నడి సముద్రంలో ఉన్నవానికి త్రాగను నీరు దొరకనట్లే ఇది. గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి చొప్పున మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉన్నవి. వాటిని విడదీసే శక్తి మొక్కకు లేదు. మొక్క ముఖ్యంగా గ్రహించేది నేలలో అమ్మోనియం, నైట్రేటు రూపాలలో ఉన్న నత్రజనిని మాత్రమే.

1840లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు లీబిగ్, వానతో పాటు గాలినుంచి దిగే అమ్మోనియాయే పంటలకు చాలునని భావించినాడు. 1843 నుంచి ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో పొలం ప్రయోగాలు సాగించిన లాస్, గిల్బర్టులు అది చాలదనీ, నత్రజని ఎరువు వేస్తేనే గోధుమ దిగుబడి పెరుగుతున్నదనీ చూపినారు. కాని చిక్కుడు, బఠాణీ వంటి పప్పుజాతి మొక్కలు ఈ లెక్కకు లొంగలేదు. 1886లో హెల్‌రీగెల్, ఆయన సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి చేసిన ప్రయోగాలను బెర్లిన్ సభలో వివరించి ఆ గుట్టు విప్పినాడు. ఆ మొక్కల వేరు బుడిపెలలో నివసించే సూక్ష్మజీవులే గాలి నత్రజనిని పట్టి ఇస్తున్నవి. 1888లో డచ్చి శాస్త్రజ్ఞుడు బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచినాడు.

మన కథానాయకమైన శిలీంధ్రం రంగంమీదికి వచ్చినది కూడ సరిగ్గా ఆ రోజులలోనే. వేరులో నివసించి మొక్కకు నత్రజని అందించే జీవులు రెండు రకాలు ఒకే దశాబ్దంలో బయటపడినవి. ఆ రెంటినీ కలిపివేసుకోవడానికి అదొక కారణమని నాకు తోస్తున్నది.

ట్రఫుల్ కోసం వెదకితే

ట్రఫుల్ అనేది అడవి చెట్లక్రింద భూమిలో పెరిగే ఒక పుట్టగొడుగు. ఐరోపా ధనికుల భోజనాలలో దానికి బంగారంవంటి ధర. దానిని ప్రష్యా దేశంలో సాగుచేయడం సాధ్యమేమో పరిశోధించమని అక్కడి వ్యవసాయ మంత్రిత్వశాఖ బెర్లిన్‌లోని వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్‌ను నియమించినది. ఆయన అడవులు తిరిగి, వేళ్ళు తవ్వి, సూక్ష్మదర్శినిలో పరీక్షించినాడు. ట్రఫుల్ సాగు ముందుకు సాగలేదు గాని అంతకంటె విలువైనది ఒకటి దొరికినది.

ఓక్, బీచ్, హేజెల్ వంటి చెట్ల సన్నని వేళ్ళ కొనలు శిలీంధ్రపు తొడుగుతో కప్పబడి ఉన్నవి. ఆ తొడుగునుంచి దారాలవంటి తంతువులు మట్టిలోకి వ్యాపించి ఉన్నవి. వేటికో రోగం పట్టినదని అనుకుందామంటే, ఆ చెట్లు చక్కగా పెరుగుతున్న ఆరోగ్యవంతమైన చెట్లు. వేరు, శిలీంధ్రం కలిసి ఒకే అవయవంగా పనిచేస్తున్నవని ఫ్రాంక్ గ్రహించి, 1885లో దానికి గ్రీకు మాటలతో 'మైకోరైజా' అని పేరు పెట్టినాడు. మైకో అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. మనం శిలీంధ్రమూలం అంటున్నాము.

ఆయన తర్కం సూటిగా ఉన్నది. తొడుగు వేరుకొనను పూర్తిగా కప్పివేసినది. అక్కడ మూలకేశాలు లేవు. అటువంటప్పుడు నేలనుంచి చెట్టుకు చేరే నీరయినా, ఆహారమయినా ఆ శిలీంధ్రంగుండానే పోవాలి గదా! కనుక శిలీంధ్రం చెట్టుకు పాలిచ్చే దాదివంటిదని ఆయన వ్రాసినాడు. ఆకులు కుళ్ళి ఏర్పడిన అడవి మట్టిలో నత్రజని సేంద్రియ పదార్థాలలో చిక్కుకొని ఉంటుంది. దానిని చెట్టుకు తెచ్చిపెట్టేది ఈ దాదియేనని ఆయన నమ్మకం.

దాదియా, దొంగయా?

ఆ రోజులలో శిలీంధ్రమంటే రోగమనే భావం బలంగా ఉండేది. గోధుమకు కుంకుమ తెగులు తెచ్చినవి శిలీంధ్రాలే గదా! మ్యూనిక్ నగరంలోని చెట్ల రోగాల నిపుణుడు రాబర్ట్ హార్టిగ్ ఫ్రాంక్‌ను ఎదిరించి, ఇవి పరాన్నజీవులే అన్నాడు. ఇందులో ఒక చమత్కారం ఉన్నది. వేరు కణాల మధ్య శిలీంధ్రం అల్లే వలను సుమారు 1840 ప్రాంతంలోనే చూచి బొమ్మ గీచినవాడు రాబర్ట్ తండ్రి థియొడర్ హార్టిగ్. అది శిలీంధ్రమని ఆయనకు తెలియలేదు. నేడు దానిని హార్టిగ్ వల అనే పిలుస్తున్నాము.

వాదంతో తేలని విషయాన్ని ప్రయోగంతో తేల్చాలని ఫ్రాంక్ పైన్ మొలకలను రెండు విధాలైన మట్టిలో పెంచినాడు. ఒకటి వేడిచేసి సూక్ష్మజీవులను చంపిన మట్టి, రెండవది మామూలు అడవి మట్టి. శిలీంధ్రమూలాలున్న మొలకలు ఏపుగా పెరిగినవి, లేనివి వెనుకబడినవి. ఈ ఫలితాన్ని ఆయన 1894లో ప్రకటించినాడు. ఇది గొప్ప ప్రయోగమే గాని ఇందులో ఒక లొసుగు ఉన్నది. మట్టిని వేడిచేస్తే అందులోని శిలీంధ్రం ఒక్కటే చావదు. ఇతర జీవులు కూడ చస్తవి, మట్టి రసాయనిక స్వభావం కూడ మారుతుంది. అందుచేత మొక్కకు మేలు జరిగినదని తెలిసినది గాని, ఆ మేలు నత్రజనియేనని రుజువు కాలేదు. మన విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఆ రుజువు కావాలంటే ఎటువంటి ప్రయోగం చేయాలో ఆలోచించవలె.

ఒక పెద్ద పొరపాటు

ఆ ప్రయోగం దొరికేలోపల కథ పెడదారి పట్టినది. పప్పుజాతి బుడిపెల విజయం అందరి మనస్సులలో తాజాగా ఉన్నది. బాక్టీరియా చేయగలిగిన పని శిలీంధ్రం మాత్రం ఎందుకు చేయకూడదు? 1907లో షార్లెట్ టెర్నెట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు, హెదర్ కుటుంబానికి చెందిన మొక్కల వేళ్ళనుంచి తీసిన శిలీంధ్రాలు గాలి నత్రజనిని స్థాపిస్తున్నవని ప్రకటించినది. 1915 తరువాత ఇంగ్లండులో రేనర్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు కూడ హెదర్ మొక్కల విషయంలో అదే అభిప్రాయాన్ని బలపరచినది. వీరు కష్టించి పనిచేసినవారే. కాని వారు కొలవవలసిన నత్రజని అతి స్వల్పం. గాలిలోని అమ్మోనియా ఆవిరి, వాడిన రసాయనాలలోని మలినం, కంటికి కనపడకుండ చేరిన ఒక బాక్టీరియా, వీటిలో ఏ ఒక్కటయినా లెక్కను తారుమారు చేయగలదు.

తరువాత వచ్చిన కచ్చితమైన పద్ధతులలో ఈ వాదం నిలవలేదు. గాలి నత్రజనిని విడదీసే నైట్రోజినేజ్ అనే ఎంజైము బాక్టీరియా, ఆర్కియా అనే సూక్ష్మజీవులదే. ఏ శిలీంధ్రానికీ ఆ పని రాదు.

మన దేశంతో సంబంధమున్న మరొక పేరు ఇక్కడ చెప్పవలె. పూసాలోనూ, తరువాత ఇండోరులోనూ పనిచేసి, ఇండోరు కంపోస్టు పద్ధతికి రూపుదిద్దిన ఆల్బర్ట్ హోవర్డ్ 1940లో వెలువరించిన తన గ్రంథంలో శిలీంధ్రమూలానికి పెద్దపీట వేసినాడు. వేరు శిలీంధ్రాన్ని జీర్ణించుకొని అందులోని మాంసకృత్తులను గ్రహిస్తుందనీ, కంపోస్టు వేసిన పంట బలానికి అదే కారణమనీ ఆయన నమ్మినాడు. సేంద్రియ పదార్థానికీ, శిలీంధ్రానికీ సంబంధమున్నదన్న ఆయన ఊహ మంచిదే. కాని సరుకు చేతులు మారే తీరు వేరని తరువాత తెలిసినది.

గుర్తుపెట్టిన నత్రజని

నీటిలో కలిసిన నీటిని గుర్తుపట్టలేము. రంగు కలిపితే గుర్తుపట్టగలము. నత్రజనికి అటువంటి రంగువంటిది దాని బరువైన ఐసోటోపు, నత్రజని-15. ప్రకృతిలో ఇది నూటికి అర పాలు కూడ ఉండదు. దీనిని ఎక్కువ పాళ్ళలో కలిపి తయారుచేసిన ఎరువును ఒకచోట పెట్టి, మొక్కలో వెదికితే అది ఎక్కడినుంచి వచ్చినదో సందేహం లేకుండ తెలుస్తుంది.

స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయంలో ఎలియాస్ మెలిన్ 1920 దశకంలోనే పైన్ మొలకలకు ఒక్కొక్క శిలీంధ్రాన్ని విడిగా అంటించి శిలీంధ్రమూలాలను తయారుచేసి చూపినాడు. అడవి మట్టితో పనిలేకుండ పోవడంతో ఫ్రాంక్ ప్రయోగంలోని లొసుగు తీరినది. తరువాత ఆయన నిల్సన్‌తో కలిసి ఒక ముచ్చటైన అమరిక చేసినాడు. మొలక ఉన్న పాత్రలోనే ఒక చిన్న గిన్నె ఉంచినారు. వేళ్ళు ఆ గిన్నెను చేరలేవు, శిలీంధ్ర తంతువులు మాత్రం గట్టు దాటి చేరగలవు. గుర్తుపెట్టిన నత్రజనిని ఆ గిన్నెలో పోసినారు. కొంతకాలానికి అది పైన్ మొలకలో కనిపించినది! 1952లో అమ్మోనియంతోనూ, 1953లో గ్లూటమిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లంతోనూ ఇది రుజువైనది. ఫ్రాంక్ దాదిని చూచిన 67 ఏళ్ళకు ఆమె చేతిలోని పాలు కంటబడినవి.

పంట మొక్కల వంతు

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా అడవి చెట్ల కథ. మన వరి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, కంది, వేరుశనగ, మిరప మొదలైన పంటలలో ఉండేది వేరొక రకం. దీనిలో పైకి కనిపించే తొడుగు ఉండదు. శిలీంధ్రం వేరు కణం గోడను దాటి లోపల చిన్న చెట్టువలె కొమ్మలు వేస్తుంది. 1905లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాలో దీనికి 'ఆర్బస్క్యూల్', అనగా చిరుచెట్టు, అని పేరు పెట్టినాడు. కొమ్మలు కణం గోడను దాటినా, కణపు పలుచని పొరను చీల్చవు. ఆ పొర కొమ్మల చుట్టూ చేతితొడుగువలె అమరుతుంది. ఇచ్చిపుచ్చుకోవడమంతా ఆ సరిహద్దులోనే జరుగుతుంది. మొక్క చక్కెరలు, కొవ్వు పదార్థాలు ఇస్తుంది. శిలీంధ్రం భాస్వరం, నత్రజని, మరికొన్ని లవణాలు ఇస్తుంది. ఇది నిన్న మొన్నటి పొత్తు కాదు. స్కాట్లండులోని రైనీ గ్రామం వద్ద దొరికిన, 40 కోట్ల ఏళ్ళనాటి మొక్కల శిలాజాలలో కూడ ఈ చిరుచెట్లు కనిపించినవి.

ఈ శిలీంధ్రాలతో ఒక చిక్కు ఉన్నది. సజీవమైన వేరు తోడు లేనిదే ఇవి తమ జీవితచక్రాన్ని పూర్తిచేయలేవు. రొట్టె బూజువలె సీసాలో పెంచడానికి వీలులేదు. అందువల్ల వీటిపై పరిశోధన చాలా కాలం కుంటినడక నడిచినది. ఇంగ్లండులో బార్బరా మాస్ 1953లో స్ట్రాబెరీ వేళ్ళను అంటిపెట్టుకున్న వీటి సిద్ధబీజ నిర్మాణాలను కనుగొన్నది. వాటిని వాడి ఆపిల్ మొక్కలలో ఈ పొత్తును కల్పించి, అవి మెరుగ్గా పెరుగుతవని 1957లో చూపినది. 1963లో గెర్డెమన్, నికల్సన్ మట్టిని నీటిలో కలిపి సన్నని జల్లెడలగుండా పోసి సిద్ధబీజాలను ఏరే పద్ధతిని వివరించినారు. మట్టి, నీరు, జల్లెడ చాలు కాబట్టి ఆ పద్ధతి లోకమంతా వ్యాపించినది.

మొదట అందరి దృష్టి భాస్వరం మీదనే నిలిచినది. దానికి కారణమున్నది. భాస్వరం మట్టిని గట్టిగా అంటిపెట్టుకొని కదలదు. వేరు తన చుట్టూ ఉన్నది త్వరలోనే కాజేస్తుంది. అటుపైన దూరంగా ఉన్నదాన్ని అందుకోవడానికి శిలీంధ్ర తంతువులే గతి. నైట్రేటు అటువంటిది కాదు. అది నీటితో కలిసి తానే వేరువద్దకు నడచి వస్తుంది. అమ్మోనియం ఈ రెంటికీ మధ్యస్థం, బంకమట్టి రేణువులను పట్టుకొని నెమ్మదిగా కదులుతుంది. కనుక నత్రజని విషయంలో శిలీంధ్రం అవసరం అంత ఉండదని చాలామంది తలచినారు.

1983లో అమెరికాలో ఏమ్స్, ఆయన సహచరులు మెలిన్ గిన్నెవంటి ఉపాయాన్నే సెలెరీ మొక్కపై ప్రయోగించినారు. తంతువులు మాత్రమే చేరగల మట్టిలో నత్రజని-15 పెట్టగా అది మొక్కకు చేరినది. వాడిన శిలీంధ్రం పేరు గ్లోమస్ మాస్సే. స్ట్రాబెరీ వేళ్ళవద్ద దానిజాతిని వెదకిన బార్బరా మాస్ గౌరవార్థం పెట్టిన పేరది! 2001లో ఇంగ్లండులోని హాడ్జ్, ఫిట్టర్ మొదలైనవారు గడ్డి ఆకులు కుళ్ళుతున్న చోటికి తంతువులు చేరి, కుళ్ళడం త్వరపడేటట్లు చేసి, ఆ నత్రజనిని మొక్కకు అందించడం చూచినారు. 2005లో గోవిందరాజులు మొదలైనవారు దారిలో జరిగేది వివరించినారు. మట్టిలోని తంతువు నత్రజనిని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లంగా మూటకడుతుంది. ఆ మూట వేరు లోపలికి చేరిన తరువాత విప్పబడి, అమ్మోనియం మొక్కకు అందుతుంది. మూటగుడ్డవంటి కర్బనాన్ని మాత్రం శిలీంధ్రం తనవద్దనే ఉంచుకుంటుంది. హోవర్డ్ ఊహించినట్లు వేరు మాంసకృత్తులను భుజించడం కాదన్నమాట.

2020లో చైనా శాస్త్రజ్ఞులు వరిలో ఈ దారిన వచ్చే నైట్రేటుకు తలుపు తీసే ఒక ప్రత్యేక ప్రొటీనును కనుగొన్నారు. వారి ప్రయోగాలలో మొక్క తీసుకొన్న నత్రజనిలో నూటికి 40 పాళ్ళకు పైగా శిలీంధ్రంగుండా వచ్చినది. ఇది ప్రయోగశాలలో ఎంచుకొన్న పరిస్థితులలో వచ్చిన లెక్క. నీరు నిలిచిన పొలంలో శిలీంధ్రం అంతగా వృద్ధి చెందదు. నత్రజని మరీ తక్కువైన నేలలో శిలీంధ్రం ముందు తన కడుపే చూచుకుంటుంది. దాదికి కూడ ఆకలి ఉంటుంది గదా!

ముగ్గురి పొత్తు

పప్పుజాతి మొక్కలలో ఈ రెండు కథలూ కలుస్తవి. ఒక నత్రజని అణువును విడదీయడానికి బుడిపెలోని బాక్టీరియా కనీసం 16 ఏటీపీ అణువులను ఖర్చుచేయాలి. ఏటీపీలో భాస్వరం ఉన్నది. భాస్వరం చాలకపోతే బుడిపెలు చిన్నవై, పని మందగిస్తుంది. ఆ భాస్వరాన్ని మోసుకొచ్చేది శిలీంధ్రం. శిలీంధ్రమూలాలు లేనిచోట పప్పుజాతి మొక్కలలో బుడిపెలు సరిగా ఏర్పడడం లేదని 1944లోనే జపానులో అసాయి గమనించినాడు. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో బాగ్యరాజ్, ఆయన సహచరులు సోయాచిక్కుడుకు బాక్టీరియానూ, శిలీంధ్రాన్నీ కలిపి ఇచ్చి, పొలంలో ఆ పొత్తు ఫలితాన్ని పరీక్షించి 1979లో ప్రకటించినారు. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థలో సజ్జ రకాలను పరీక్షించి, వేళ్ళలో శిలీంధ్రం పట్టే స్థాయి రకానికీ రకానికీ మారుతున్నదని 1985లో చూపినారు.

ఉపాధ్యాయులు దీనిని పాఠశాలలోనే విద్యార్థులకు చూపవచ్చును. జొన్న లేక కంది మొక్క సన్నని వేళ్ళను కడిగి, నూటికి 10 పాళ్ళ పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణంలో తెల్లబడేవరకు వేడిచేయాలి. ఇది చర్మాన్ని, కళ్ళను కాలుస్తుంది కాబట్టి ఈ పని ఉపాధ్యాయులే చేయవలె. వేళ్ళను బాగా కడిగి, 95 పాళ్ళ తెల్ల వినిగరులో 5 పాళ్ళ మామూలు కలం సిరా కలిపి, అందులో మూడు నిమిషాలు మరిగించాలి. కొద్దిగా వినిగరు కలిపిన నీటిలో ఉంచితే వేరుకు పట్టిన అదనపు రంగు పోతుంది. ఆపైన సూక్ష్మదర్శినిలో చూస్తే వేరు లోపల రంగు పట్టిన శిలీంధ్ర తంతువులు కనిపిస్తవి. ఆవ, పాలకూర వేళ్ళలో సాధారణంగా ఇవి ఉండవు. రెంటినీ ప్రక్కప్రక్కన చూపితే పాఠం మరపురాదు.

మామయ్యకు చెప్పిన జవాబు

ఇక మా మామయ్య ప్రశ్న. నేనాయనతో ఒక లెక్క వేయించినాను. మొక్కజొన్న గింజలో నూటికి సుమారు 9 పాళ్ళు మాంసకృత్తులు. మాంసకృత్తులలో నూటికి 16 పాళ్ళు నత్రజని. అంటే టన్ను గింజను చేనునుంచి ఇంటికి తెస్తే, సుమారు 14 కిలోల నత్రజని చేను విడిచిపోయినట్లే. ఆ లోటును ఎవరో ఒకరు పూడ్చాలి. పశువుల ఎరువు పూడ్చవచ్చును. కంది, జనుము వంటి పైర్ల బుడిపెలు పూడ్చవచ్చును. యూరియా పూడ్చవచ్చును. శిలీంధ్రం మాత్రం పూడ్చలేదు. బండి ధాన్యాన్ని మోయగలదు గాని పండించలేదు.

"అయితే ఈ బూజు దండగేనంటావా?" అన్నాడు మామయ్య.

దండగ కాదు. వేసిన ఎరువు వేరుకు అందకుండ మిగిలిపోయే చోట, కుళ్ళుతున్న ఆకు నత్రజనిని విడుస్తున్న చోట, ఈ తంతువులు పోయి దానిని చేజారకుండ పట్టి తెస్తవి. అంతేగాక అవి ఆయన చేలో ఇదివరకే ఉన్నవి. పొలాన్ని చాలాకాలం బీడుగా ఉంచినా, పదేపదే లోతుగా దున్నినా, అవసరానికి మించి భాస్వరం ఎరువు గుమ్మరించినా అవి క్షీణిస్తవి. పైరు తరువాత పైరుగా వేళ్ళు నేలలో ఉంచి, పశువుల ఎరువు వేసి, మొక్కజొన్నతో కందిని కలిపి వేస్తే పొట్లం కొనకుండానే అవి వృద్ధి పొందుతవి. నారుమడులలోనూ, జీవం చచ్చిన మట్టిలోనూ బయటినుంచి తెచ్చి వేయడం అక్కరకు రావచ్చును. ఆ పొట్లాన్ని చేను మూల రెండు చాళ్ళకు మాత్రమే వేసి, మిగిలిన చాళ్ళతో పోల్చి చూచుకొమ్మని చెప్పినాను. యూరియా మాత్రం మానవద్దన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఈ ఏడు తరగతిలో ఈ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్లమీద రెండు మాటలు ప్రక్కప్రక్కన వ్రాస్తున్నాను. బాక్టీరియా నత్రజనిని తయారుచేసి ఇస్తుంది. శిలీంధ్రం ఉన్నదానిని వెదకి తెచ్చి ఇస్తుంది. ఒకటి సంపాదన, రెండవది రవాణా. పరీక్షలో ఈ తేడా విలువ ఒకటి రెండు మార్కులే కావచ్చును. పొలంలో మాత్రం దాని విలువ ఒక ఏడాది పంట.